కట్టు కింద ముప్పై రోజులు

“పప్పు పెట్టబాకండమ్మా, చీము పడుద్ది.”

ఆపరేషన్ అయి ఇంటికొచ్చిన మనిషిని పలకరించడానికి వచ్చినవాళ్లు పల్నాడు పల్లెల్లో ముందుగా చెప్పే మాట ఇది. తెచ్చిన బత్తాయిలు మంచం పక్కన పెట్టి, కుర్చీ దగ్గరకు లాక్కుని, గొంతు తగ్గించి చెబుతారు. వెంటనే రెండో మాట: “కుట్లకు నీళ్లు తగలనీయబాకండి, నీరు పట్టుద్ది.” ఆ తర్వాత గుడ్డు వద్దంటారు, వంకాయ వద్దంటారు, గోంగూర పేరే ఎత్తొద్దంటారు. ఇంట్లోవాళ్లు తలూపుతారు. ఆ పూట నుంచి కంచంలోకి చారన్నం, బీరకాయ కూర, రెండు బ్రెడ్డు ముక్కలు వస్తాయి.

చెప్పినవాళ్ల ప్రేమను శంకించడానికి లేదు. కానీ పొట్ట మీద జానెడు కోత అతుక్కోవడానికి ఒంటికి ఏ సరుకు కావాలో సరిగ్గా దాన్నే కంచంలోంచి తీసేశారు. కోసిన చోట కొత్త కండ పుట్టాలంటే మాంసకృత్తులు కావాలి. తెగిన అంచుల్ని కలిపి పట్టి ఉంచే కొల్లాజెన్ అనే పోగులు వాటితోనే తయారవుతాయి. పప్పు, గుడ్డు, పాలు, పెరుగు, చేపలు, మాంసం, శనగలు - మన ఇళ్లలో మాంసకృత్తులు ఉన్నవి ఇవే. ఒక్క కోడిగుడ్డులోనే దాదాపు 6 గ్రాములు ఉంటాయి. కొల్లాజెన్ గట్టిపడటానికి సి విటమిన్ తప్పనిసరి. అది ఉసిరికాయలో, జామకాయలో, నిమ్మకాయలో దండిగా ఉంది. ‘పులుపు పడదు’ అని వాటినీ అటకెక్కిస్తే ఇక ఆ కోత దేన్ని పట్టుకుని మానాలి?

చీము అంటే క్రిములతో పోరాడి చచ్చిపోయిన తెల్ల రక్తకణాల ముద్ద. అది పప్పుగిన్నెలోంచి రాదు. కడుక్కోని చేతుల మీదుగా, పాత గుడ్డ మీదుగా, సరిగా ఉడికించని కత్తెర మీదుగా లోపలికి పోయిన క్రిమి వల్ల వస్తుంది. షుగరు అదుపులో లేని ఒంట్లో ఆ క్రిమి మరింత సులువుగా పెరుగుతుంది. రంగు ఒకలాగే ఉండటం వల్ల పూర్వం ఎవరో పప్పునూ చీమునూ ముడిపెట్టి ఉంటారు. ఆ మాట తరాలు దాటి వచ్చింది. పేగులకు ఆపరేషన్ అయినవారు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు ఏం తినాలో డాక్టరు విడిగా చెబుతారు, అది వేరే సంగతి. మిగతావాళ్లకు పప్పన్నం ఆపే కారణం ఏదీ లేదు. ఉడికించిన గుడ్డు రోజూ పెట్టొచ్చు. శాకాహారులైతే ముద్దపప్పు, పెరుగు, వేరుశనగలు.

సిజేరియన్ అయిన బాలింతకు ఈ పథ్యం ఇంకా కఠినంగా ఉంటుంది. నీళ్లు కూడా కొలిచి ఇస్తారు, పొట్ట వస్తుందని. కోత మానాల్సిన ఒళ్లు, బిడ్డకు పాలివ్వాల్సిన ఒళ్లు, రెంటికీ కలిపి ఇచ్చేది వెల్లుల్లి కారం, పట్టెడన్నం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కలో ఆంధ్రప్రదేశ్‌లో ప్రతి వంద కాన్పుల్లో 42 దాకా సిజేరియన్లే. అంటే ఈ రాష్ట్రంలో బాలింతలున్న ఇళ్లలో దాదాపు సగం ఇళ్లు కుట్లు మానడం కోసం చూస్తున్న ఇళ్లే. బాలింత పథ్యాన్ని పెద్దవాళ్ల ఇష్టానికి వదిలేసి ఊరుకోలేని అంకె ఇది.

డిశ్చార్జి కాగితం

2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా పుట్టి నరసరావుపేట జిల్లా కేంద్రమైంది గానీ, అంతకు చాలా ముందే ఆ ఊరు ఆసుపత్రుల ఊరు. ఇక్కడ సర్జన్‌గా పేరు తెచ్చుకున్న కోడెల శివప్రసాదరావు 1983లో ఎమ్మెల్యే అయ్యారు, 2014లో శాసనసభ స్పీకరు కూడా అయ్యారు. వినుకొండ, బొల్లాపల్లి, కారంపూడి వైపు జనం ఒంట్లో బాగాలేకపోతే బస్సెక్కేది నరసరావుపేటకే, వాళ్ల మాటలో పేటకే. మాచర్ల, రెంటచింతల, గురజాల వాళ్లలో చాలామంది రైలెక్కి నడికుడి, పిడుగురాళ్ల, సత్తెనపల్లి మీదుగా గుంటూరు పెద్దాసుపత్రికి పోతారు. పోవడం ఎలాగో పోతారు. ఆపరేషనూ అవుతుంది. నాలుగో రోజో ఐదో రోజో ‘ఇంటికెళ్లొచ్చు’ అంటారు.

ఆ రోజు చేతికి వచ్చే కాగితమే అసలు చిక్కు. ఇంగ్లిషులో, తొందర రాతలో, సగం పొడి అక్షరాలతో ఉంటుంది. ‘ఆల్టర్నేట్ డే డ్రెస్సింగ్’ అంటే రోజు విడిచి రోజు కట్టు మార్చాలని. ‘ఎస్సార్ ఆన్ టెన్త్ పీఓడీ’ అంటే ఆపరేషన్ అయిన పదో రోజున కుట్లు తీయించుకోవాలని. ఆ ఇంట్లో చదువుకున్న పిల్లలున్నా ఈ పొడి అక్షరాలు అర్థం కావు. మందుల షాపులో కుర్రాడు మాత్రలు పొద్దున ఒకటి, రాత్రి ఒకటి అని చెప్పి సంచిలో వేస్తాడు. కట్టు గురించి చెప్పేవాళ్లు ఉండరు. అసలే భయంతో, అప్పుతో, నిద్రలేమితో ఉన్న ఇంటివాళ్లు అడగరు.

పని చేసే మంచి పద్ధతి లేకపోలేదు. బెంగళూరు నారాయణ ఆసుపత్రిలో గుండె ఆపరేషన్ అయినవారి ఇంటివాళ్లను వార్డులోనే కూర్చోబెట్టి, కట్టు ఎలా చూడాలి, చేతులు ఎలా కడుక్కోవాలి, ఏది ప్రమాదం అని చేసి చూపించే తరగతులు మొదలుపెట్టారు. నూరా హెల్త్ అనే సంస్థ ఆ పనిని చాలా ఆసుపత్రులకు తీసుకెళ్లింది. పెద్ద యంత్రాలేమీ అక్కర్లేదు. ఒక నర్సు, అరగంట సమయం, అర్థమయ్యే భాష చాలు. పేటలోనూ మాచర్లలోనూ ప్రతి ఆపరేషన్ వార్డులో వారానికి రెండుసార్లు ఇలాంటి అరగంట పెట్టడం ఏ ఆసుపత్రికీ భారం కాదు.

అప్పటిదాకా చేయాల్సింది ఒకటే. డిశ్చార్జి రోజు వార్డు నర్సు దగ్గరకు వెళ్లి, కుట్లు ఏ తేదీన తీస్తారో, కట్టు ఏ రోజున ఎవరు మార్చాలో, స్నానం ఎప్పటి నుంచి చేయించవచ్చో, రాత్రిపూట ఏదైనా తేడా వస్తే ఎవరికి ఫోన్ చేయాలో తెలుగులో కాగితం వెనక రాయించుకోవాలి. సిగ్గుపడనక్కర్లేదు. ఆ వివరం కూడా ఆపరేషన్‌లో భాగమే, దానికీ డబ్బు కట్టారు.

లోపల జరిగేది

కుట్టు వేసిన కోత పైచర్మం ఒకటి రెండు రోజుల్లోనే మూసుకుంటుంది. అందుకే ఆపరేషన్ గదిలో వేసిన మొదటి కట్టును, అది తడవకపోతే, రక్తంతో నిండకపోతే, 48 గంటల దాకా ఊరికే కదిలించరు. మొదటి నాలుగైదు రోజులు కోత చుట్టూ కాస్త ఎరుపు, కాస్త వాపు, కాస్త వేడి ఉండటం సహజం. ఒళ్లు అక్కడికి రక్తాన్ని పంపి పని చేయిస్తోందని అర్థం. ఆ తర్వాత కొత్త పోగులు అల్లుకోవడం మొదలవుతుంది, అది వారాల తరబడి సాగుతుంది.

జనం పొరపడేది ఇక్కడే. పదో రోజుకు కుట్లు తీసేశారు, పైకి గీత తప్ప ఏమీ కనపడటం లేదు, కాబట్టి మానిపోయిందనుకుంటారు. ప్రయోగాల్లో తేలిన లెక్క వేరు. వారం రోజుల కోతకు మామూలు చర్మం బలంలో వందకు 3 వంతులే ఉంటుంది. మూడు వారాలకు 20. మూడు నెలలకు 80 దాకా వస్తుంది, అక్కడితో ఆగిపోతుంది. మళ్లీ నూరు ఎప్పటికీ కాదు. ఇల్లు కట్టుకున్నవాళ్లకు ఇది తెలిసిన సంగతే: స్లాబు పోసిన మర్నాడే గట్టిపడ్డట్టు కనిపిస్తుంది, అయినా మేస్త్రి రోజూ నీళ్లు పట్టిస్తాడు గానీ సెంట్రింగు కర్రలు ఊడదీయనివ్వడు.

కుట్లు తీసే రోజు అందరికీ ఒకటి కాదు. ముఖం మీదివి ఐదు రోజులకే తీస్తారు, ఆలస్యమైతే మచ్చ పడుతుందని. పొట్ట మీదివి వారం నుంచి పది రోజులకు, మోకాలు, వీపు లాంటి సాగే చోట్ల రెండు వారాల దాకా ఉంచుతారు. కొన్నిసార్లు కరిగిపోయే దారం వేస్తారు, తీయనక్కర్లేదు. ఏది వేశారో తెలియక, లేని కుట్ల కోసం ఊళ్లో ఎవరిచేతో గిల్లించుకునేవాళ్లూ ఉన్నారు. అందుకే అడిగి తెలుసుకోవాలి.

కట్టు మార్చే చేయి

క్రిమి ఎక్కువగా చేరేది చేతుల మీదుగానే. గ్లాస్గోలో జోసెఫ్ లిస్టర్ కార్బాలిక్ ఆమ్లంలో తడిపిన గుడ్డతో గాయాలు కట్టి, 1867లో ఆ ఫలితాలు ప్రచురించేదాకా, చీము పట్టడం గాయం మానడంలో మామూలు దశ అని వైద్యులే నమ్మేవారు. గుంటూరుకు 1883లో వచ్చిన అమెరికా వైద్యురాలు అన్నా కుగ్లర్ 1898లో ఇక్కడ ఆడవాళ్ల కోసం ఆసుపత్రి తెరిచే నాటికి లిస్టర్ మాట ప్రపంచమంతా పాకింది. ఇప్పుడు మన పని అంత కష్టం కూడా కాదు. సబ్బు, పారే నీళ్లు, ఒక నిమిషం. గోళ్ల సందులు, వేళ్ల మధ్య, బొటనవేలు వెనక. గాజులు మోచేతి వైపు జరుపుకుని, ఉంగరం తీసి. కడిగిన చేతిని చీర కొంగుకు తుడవకూడదు, గాలికి ఆరనివ్వాలి.

కట్టు మార్చే వేళకు గదిలో ఊడవడం, దుప్పట్లు దులపడం ఆపేయండి. ఫ్యాను కాసేపు కట్టేయండి. పిడుగురాళ్ల సున్నపు బట్టీల వైపైనా, మిరప కళ్లాల వైపైనా ధూళి మనకు కొత్త కాదు కదా, కిటికీ కూడా మూసేయడం మంచిది. పాత ప్లాస్టరు చర్మాన్ని ఒక చేత్తో నొక్కి పట్టి, మెల్లగా, పడుకోబెట్టినట్టుగా లాగాలి. గాజుగుడ్డ అంటుకుపోతే పీకొద్దు. సెలైన్ నీళ్లు పోసి రెండు నిమిషాలు ఆగితే అదే వదులుతుంది. పీకితే కొత్తగా పుట్టిన కండ దానితోపాటు వస్తుంది. తీసిన గుడ్డను పారేసే ముందు ఒకసారి చూడాలి. లేత గులాబీ, లేత పసుపు తడి కొద్దిగా ఉంటే పరవాలేదు. చిక్కగా, పచ్చగా, వాసనతో ఉంటే పరవాలేదనుకోవద్దు. మళ్లీ చేతులు కడుక్కుని, కొత్త గాజుగుడ్డ ప్యాకెట్టు చించి, కోతను తాకే వైపు వేలు పెట్టకుండా అంచులు పట్టుకుని వేయాలి. సగం వాడిన ప్యాకెట్టును రేపటికి దాచకూడదు.

స్పిరిట్, హైడ్రోజన్ పెరాక్సైడ్ లాంటివి మానుతున్న కోత మీద పోస్తే క్రిమితో పాటు కొత్త కణాలూ చస్తాయి. డాక్టరు రాయని పౌడరు చల్లితే అది తడితో కలిసి పెచ్చు కడుతుంది, దాని కింద ఏం జరుగుతోందో కనపడదు. పొలంలో కొడవలి తెగితే గడ్డిచామంతి పసరు పిండటం మనకు అలవాటు. దాని గుణాల మీద వాదన పెట్టుకోను, కానీ ఆపరేషన్ కోత మీద ఏ ఆకు పసరూ, పసుపూ, కాఫీ పొడీ పడకూడదు. ఆ పసరు తీసే రాయి, ఆ ఆకు మీది మట్టి లోపలి కుట్ల దాకా దిగుతాయి.

నీళ్ల భయం గురించి కూడా చెప్పాలి. ఆపరేషన్ అయిన 48 గంటల తర్వాత, డాక్టరు వద్దని చెప్పకపోతే, శుభ్రమైన నీళ్లు పోసుకుని స్నానం చేయవచ్చు. కోత మీద సబ్బు రుద్దకూడదు, మెత్తటి శుభ్రమైన తువ్వాలుతో అద్దాలి. పనికిరానిది నానబెట్టడం. కాలువలోనూ చెరువులోనూ మునగడం కోత పూర్తిగా మానేదాకా వద్దు. పది రోజులు స్నానం లేకుండా, చెమట పట్టిన ఒంటితో, మాసిన దుప్పటి మీద పడుకోబెడితే కుట్లకు నీళ్లు తగలకపోవచ్చు గానీ అంతకంటే పాడైనవి తగులుతాయి.

మన వేసవి సంగతి మరీ ప్రత్యేకం. రాష్ట్రంలోనే అతి ఎక్కువ ఎండ కాసే చోట్లలో రెంటచింతల ఒకటి, మే నెలలో 45 డిగ్రీలు దాటడం అక్కడ వింత కాదు. పైగా మిరప కోతలు అయ్యాక, డబ్బు చేతికి వచ్చాక చూద్దామని ఆపరేషన్లు వేసవికి వాయిదా వేసుకునే ఇళ్లు ఎక్కువ. ప్లాస్టరు కింద చెమట చేరి, దురద పుట్టి, కట్టు తడిసి ముద్దవుతుంది. చెప్పిన రోజు రాలేదని తడిసిన కట్టును అలాగే ఉంచకూడదు. ఇది కొత్త మాట కూడా కాదు. చలికాలంలోనూ వసంతంలోనూ మూడు రోజులకు, ఎండాకాలంలోనూ వానాకాలంలోనూ రెండు రోజులకే కట్టు విప్పాలని సుశ్రుతుడు తన సంహితలో రాశాడు. ఒంట్లోని ఒక్కో భాగానికి తగినట్టు పద్నాలుగు రకాల కట్లు వర్ణించిన మనిషి ఆయన. ఋతువును బట్టి కట్టు మార్చమన్న ఆ చూపు ఇవాళ్టి డిశ్చార్జి కాగితాల్లో కనపడదు.

ఆడవాళ్ల విషయంలో ఇంకొకటి. సిజేరియన్ కోత, గర్భసంచి తీసిన కోత, రెండూ సరిగ్గా లంగా బొందు బిగించే చోటికి కాస్త కిందుగా ఉంటాయి. చీర కుచ్చిళ్లు, బొందు ముడి రోజంతా అక్కడే రాసుకుంటాయి. ఆసుపత్రి నుంచి వచ్చాక కనీసం కుట్లు తీసేదాకా వదులుగా ఉండే నూలు నైటీ వేసుకోవడమే మంచిది. చుట్టాలొచ్చారని చీర కట్టుకోమనే పెద్దవాళ్లకు ఇంట్లో ఎవరో ఒకరు నచ్చజెప్పాలి. పొట్ట మడత కిందికి కోత దాగిపోతే ఆ మడతను పొడిగా ఉంచడం ఇంకా ముఖ్యం. దగ్గొచ్చినప్పుడు, తుమ్మొచ్చినప్పుడు చిన్న దిండు పొట్టకు హత్తుకుని దగ్గాలి, కుట్ల మీద ఒత్తిడి తగ్గుతుంది.

గర్భసంచి తీసివేతల్లో ఆంధ్రప్రదేశ్ దేశంలోనే ముందుంది. 2015-16 సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల మధ్య ఆడవాళ్లలో వందకు దాదాపు 9 మంది ఆ ఆపరేషన్ చేయించుకున్నారు. దేశం మొత్తం మీద అది 3 చిల్లర. ఆ ఆపరేషన్ అన్నిసార్లూ అవసరమేనా అన్నది పెద్ద ప్రశ్న, దాన్ని విడిగా వదలకుండా అడగాలి. ఇక్కడ చెప్పదలిచింది, పత్తి తీతకో మిరప కోతకో కూలికి పోయే ఆ ఆడవాళ్లకు ఇంటి దగ్గర కట్టు కట్టే మనిషి దొరకడం కష్టం. ఇంటిల్లిపాదికీ కట్టు కట్టేది ఎప్పుడూ తామే కాబట్టి.

ఎవరి దగ్గరకు వెళ్లాలి

మాచర్ల నుంచి పేటకో గుంటూరుకో కట్టు మార్పించుకోవడానికి రోజు విడిచి రోజు పోవడం అయ్యే పని కాదు. ప్రయాణం ఖర్చు ఒకటైతే, బస్సు కుదుపులు ఇంకొకటి. అందుకే ఊళ్లో ఆర్ఎంపీని పిలిపించుకుంటారు. ఆయన్ని తిట్టడం తేలిక. అర్ధరాత్రి పిలిస్తే వచ్చేది ఆయనే. కానీ ఒకే కత్తెరతో నాలుగిళ్లలో కట్లు విప్పడం, కోత ఎర్రబడగానే రోజుకొక యాంటీబయాటిక్ సూది మార్చడం, నొప్పి వెంటనే తగ్గాలని స్టెరాయిడ్ కలపడం ప్రమాదం. స్టెరాయిడ్ వాపును, నొప్పిని తగ్గించి చూపిస్తుంది, మానడాన్ని మాత్రం వెనక్కి లాగుతుంది. యాంటీబయాటిక్స్ విషయంలో తెలుగువాళ్లకు ఒక బాధ్యత కూడా ఉంది. 1948లో లోకానికి అందిన ఆరియోమైసిన్ బయటికొచ్చింది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నడిపిన లెడర్లీ పరిశోధనశాల నుంచి. అంత గొప్ప మందులను అవసరం లేని చోట వాడి మొద్దుబార్చకూడదు. సక్రమంగా జరిగిన ఆపరేషన్ తర్వాత ‘ముందు జాగ్రత్త’ పేరుతో రోజుల తరబడి యాంటీబయాటిక్స్ కొనసాగించవద్దని 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టంగా చెప్పింది.

ఊరికి దగ్గరలో ఇంకో దారి ఉంది, జనం దాన్ని తక్కువగా వాడుకుంటున్నారు. గ్రామ ఆరోగ్య కేంద్రంలో నర్సింగ్ చదివిన సిబ్బంది ఉంటారు. వాళ్లకు కట్టు కట్టడం వచ్చు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరే నెలకు రెండుసార్లు ఊరికి వచ్చి, మంచం దిగలేని రోగుల్ని ఇంటికి వెళ్లి చూడాలన్న ‘ఫ్యామిలీ డాక్టర్’ కార్యక్రమాన్ని 2023 ఏప్రిల్ 6న మొదలుపెట్టింది మన జిల్లాలోనే, చిలకలూరిపేట దగ్గర లింగంగుంట్లలో. పేర్లు, జెండాలు మారుతుంటాయి. ఇంటి దాకా వచ్చి కట్టు చూసే మనిషి అన్న ఆలోచన మాత్రం పోకూడదు. డిశ్చార్జి కాగితం తీసుకుని మర్నాడే ఏఎన్ఎంకో ఆశా కార్యకర్తకో చూపించి, మా ఇంట్లో కుట్లున్న మనిషి ఉన్నారని చెప్పి పెట్టుకోవాలి.

డబ్బు సంగతీ ఒకటుంది. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ నియమాల్లో చాలామంది చదవని ఒక వాక్యం ఉంది. ప్యాకేజీ ఆపరేషన్‌తో అయిపోదు. ఇంటికి పంపాక పది రోజుల మందులు, ముప్పై రోజుల్లోపు ఏదైనా చిక్కు వస్తే దాని చికిత్స కూడా అందులోనే. ఆపరేషన్ కోతకు పట్టే ఇన్ఫెక్షన్‌ను లెక్కించడానికి వైద్య ప్రపంచం పెట్టుకున్న గడువూ ముప్పై రోజులే, లోపల ప్లేటో రాడ్డో కీలో పెడితే తొంభై. కోత ‘సెప్టిక్’ అయితే ఊళ్లో అప్పు చేసి సూదులు వేయించుకునే బదులు ఆపరేషన్ చేసిన ఆసుపత్రికే తిరిగి వెళ్లాలి. పథకం ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తోంది. మీ ఆపరేషన్‌కు ఆ ముప్పై రోజులు ఎలా వర్తిస్తాయో ఆసుపత్రిలో పథకం పనులు చూసే వైద్య మిత్రను డిశ్చార్జి రోజే అడిగి పెట్టుకోండి.

తిరిగి వెళ్లాల్సిన వేళ ఏదో పోల్చుకోవడం కష్టం కాదు. రోజులు గడిచే కొద్దీ నొప్పి తగ్గాలి. మూడో రోజు తర్వాత పెరుగుతోందంటే ఏదో తేడా. ఎరుపు కోత గీతను దాటి చుట్టూ పాకడం, తాకితే కాలడం, చిక్కటి చీము, చెడు వాసన, చలితో జ్వరం, కుట్ల మధ్య నోరు తెరుచుకోవడం - ఇందులో ఏ ఒక్కటి కనపడినా మర్నాటి దాకా ఆగొద్దు. రోజూ పగటి వెలుతురులో ఒకే దూరం నుంచి ఫోనులో కోత ఫొటో తీసి పెట్టుకుంటే ఎరుపు పాకుతోందో తగ్గుతోందో డాక్టరుకు చూపించడానికి పనికొస్తుంది. పిక్కలో నొప్పి, ఒక కాలు మాత్రమే వాయడం, ఆయాసం వస్తే అది కోత సంగతి కాదు, రక్తం గడ్డకట్టి ఉండొచ్చు, ఇంకా తొందరపడాలి.

అన్నింటికంటే భయపడాల్సింది ఒకటుంది. పొట్ట ఆపరేషన్ అయ్యాక ఐదో రోజు నుంచి పది రోజుల మధ్య, ఎక్కువగా గట్టిగా దగ్గినప్పుడో ముక్కినప్పుడో, లేత గులాబీ రంగు నీళ్లు ఒక్కసారిగా కారి కట్టంతా తడిసిపోతుంది. లోపలి పొరల కుట్లు తెగాయనడానికి అది గుర్తు. పేగు బయటికి కనపడినా లోపలికి నెట్టకూడదు. శుభ్రమైన గుడ్డను సెలైన్ నీళ్లలో తడిపి పైన కప్పి, మోకాళ్లు కాస్త ముడిచి వెల్లకిలా పడుకోబెట్టి, నోటికి ఏమీ ఇవ్వకుండా 108కి ఫోన్ చేయాలి. ఇది అరుదు. కానీ జరిగిన ఇంట్లో ఆ పది నిమిషాలు ఏం చేయాలో తెలిసిన మనిషి ఒకరు ఉండటం ప్రాణాన్ని నిలబెడుతుంది.

చుట్ట, బీడీ గురించి చెప్పకుండా ముగిస్తే పల్నాడు కథనం కాదిది. పొగ రక్తనాళాలను ముడుచుకునేలా చేస్తుంది, కోత దాకా వెళ్లాల్సిన ప్రాణవాయువు తగ్గిపోతుంది. ఆపరేషన్‌కు నెల ముందు, తర్వాత నెల పాటు మానితే కోత మానే తీరే మారుతుంది.

మళ్లీ పనికి

మాచర్ల దాటి కృష్ణ ఒడ్డున ఇక్ష్వాకు రాజుల విజయపురి ఉండేది. దాని ఆనవాళ్లు బయటపడిన నాగార్జునకొండ తవ్వకాల్లో దొరికిన శాసనాల్లో జ్వరం నెమ్మదించినవాళ్లు ఉండే మందిరం ప్రస్తావన ఉందని చరిత్రకారులు చెబుతారు. పదిహేడు వందల ఏళ్ల కిందటే ఈ నేల మీద, జబ్బు తగ్గాక కోలుకునే రోజులకు విడిగా ఒక చోటు ఇచ్చారన్నమాట. ఇప్పుడు ఆ రోజులు రోగి సొంత ఖర్చు. ఆపరేషన్‌కు లక్ష రూపాయలు ప్రభుత్వం కట్టినా, నెల రోజుల కూలి పోయిన ఇంటికి పప్పు కొనే డబ్బు ఎక్కడిది? ఈ ప్రశ్నకు ఒక ప్రభుత్వం జవాబు వెతికింది కూడా. 2019 డిసెంబరు 2న గుంటూరులో ‘ఆరోగ్య ఆసరా’ ప్రారంభించారు. ఆపరేషన్ తర్వాత విశ్రాంతి కాలానికి రోజుకు 225 రూపాయల చొప్పున, నెలకు 5,000 మించకుండా ఇచ్చేలా పెట్టిన పథకం అది. ఏ పేరుతో నడిచినా, ఎవరు నడిపినా, ఇలాంటి భత్యం ఆపరేషన్ ఖర్చంత అవసరమైనదే. అది లేనప్పుడు కుట్లు తీసిన మర్నాడే మనిషి చేనుకు పోతుంది.

పోతే ఏమవుతుందో సర్జన్లు రోజూ చూస్తుంటారు. కోత పైన బాగానే ఉంటుంది, లోపలి పొర సాగి, ఏడాది రెండేళ్లకు ఆ చోట పేగు ఉబ్బి బయటికి పొడుచుకొస్తుంది. దగ్గితే పెరుగుతుంది, పడుకుంటే తగ్గుతుంది. దానికి వల వేసి మళ్లీ ఆపరేషన్ చేయాలి. పొట్ట కోసి చేసిన ఆపరేషన్ తర్వాత కనీసం ఆరు వారాలు నిండు బిందె ఎత్తకూడదు, చంకలో పెద్ద పిల్లాడిని ఎత్తుకోకూడదు, గేదెకు గడ్డి మోపు మోయకూడదు. నడవొచ్చు, నడవాలి కూడా. కూర్చుని కూరగాయలు తరగొచ్చు. నలభై కిలోలు దాటే మిర్చి టిక్కీ జోలికి మాత్రం మూడు నెలలు పోకపోవడం మంచిది. ఏప్రిల్ మొదట్లో ఆపరేషన్ అయితే మే నెల సగం దాకా బిందె ముట్టుకోకూడదు, జూలై వచ్చేదాకా బస్తా ఎత్తకూడదు. పత్తి గింజలు పెట్టే రోజులు కూడా అప్పుడే మొదలవుతాయి. బరువు పని ఎప్పటి నుంచి చేయొచ్చో ఆ తేదీ డాక్టరు చేతనే కాగితం మీద తెలుగులో రాయించుకుంటే, కూలికి పిలవడానికి వచ్చిన ముఠా మేస్త్రికి చూపించవచ్చు. అత్తగారికీ చూపించవచ్చు.